కనబడుటయే నేరమైననాడు

హైదరాబాదు రాజ్యములో 1329 ఫసలీ సంవత్సరమున, అనగా క్రీస్తు శకము 1919లో, ఒక చిన్న చట్టము పుట్టినది. నపుంసకుల చట్టమని దాని పేరు. పిల్లలను ఎత్తుకొనిపోవుదురనియో, మరియొక నేరము చేయుదురనియో అనుమానము గల హిజ్రాల పేర్లను, నివాసములను ఒక పుస్తకములోనికి ఎక్కించవలెనని అందులోని మొదటి మాట. పేరెక్కిన మనిషి ఆడుదుస్తులతో, నగలతో వీధిలో కనబడినను, వీధిలోనివారికి కనబడవలెనను ఉద్దేశముతో మరియొకచోట నిలబడినను, పదిమంది ఎదుట నాట్యమాడినను, వాద్యము వాయించినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. రెండేండ్ల వరకు చెరసాలలో ఉంచవచ్చును.

చట్టములు సాధారణముగా మనిషి చేసిన పనికి శిక్ష వేయును. ఈ చట్టము కనబడినందుకు శిక్ష వేసినది. చీర కట్టుకొని నాలుగు గోడల నడుమ కూర్చున్నచో సరే. కిటికీ దగ్గరకు వచ్చి వీధివైపు చూచినచో నేరము! ఇది నిజాముల పాలనతో పోలేదు. హైదరాబాదు రాష్ట్రము, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఈ మూడింటి కాలములోను పుస్తకములలో నిలిచియే ఉన్నది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఇది రాజ్యాంగమునకు విరుద్ధమని కొట్టివేసినది. నూరేండ్లు దాటిన ఆయుర్దాయము!

కనబడుటయే నేరమని శాసనము చెప్పిన మనుష్యులను కెమేరా ఎట్లు చూచినది? ఛాయాచిత్రమనగా కనబడుటయే గదా. అది వారికి మేలు చేసినదా, పోలీసువారి పుస్తకమునకు తోడయినదా? ఈ ప్రసంగము ఆ చరిత్రను గురించి.

ముందుగా పేరును గురించి ఒక మాట చెప్పవలెను. సంస్కృత గ్రంథములు తృతీయా ప్రకృతి అన్నవి. మన తెనుగు భారతములోని విరాటపర్వము బృహన్నలను పేడి అన్నది. వానలు కురియుటకై మన పల్లెలలో చదివించెడి పర్వమది. అర్జునుడు ఆడువేషముతో మత్స్యరాజు కొలువులో నాట్యము నేర్పిన కథ విననివారు మనలో అరుదు. మొగలు దర్బారులలో అంతఃపురపు అధికారులైన ఖ్వాజాసరాలకు గొప్ప హోదా ఉండెడిది. ఆ ఖ్వాజా అను మాటయే అరిగి అరిగి మన వీధులలో కొజ్జా అయినది. ఒకనాటి బిరుదు నేటి తిట్టు. మాటల అదృష్టము కూడ మనుష్యుల అదృష్టము వంటిదే కాబోలు.

ఖ్వాజాసరాలును హిజ్రాలును ఒక్కటి కారు. హిజ్రాలు గురువు, చేలా అను బంధముతో ఇండ్లుగా కూడి బ్రతుకువారు. పుట్టుకతో వచ్చిన చుట్టరికము తెగిపోగా, ఈ చుట్టరికమే వారికి తల్లియు తండ్రియు. బిడ్డ పుట్టిన ఇంటను, పెండ్లివారింటను పాడి ఆడి దీవించి బధాయి పుచ్చుకొనుట వారి వృత్తి. అనగా పదిమందికి కనబడినగాని కూడు లేదు. హైదరాబాదు, సికిందరాబాదు నగరముల హిజ్రాల నడుమ తిరిగి పరిశోధన చేసిన మానవశాస్త్రజ్ఞురాలు గాయత్రీ రెడ్డి 2005లో ఒక గ్రంథమును వెలువరించినారు. ఆ జీవితమునకు ఇరుసు వంటి మాట ఇజ్జత్ అని ఆమె చూపినారు. మర్యాద అనుకొనుడు, మానము అనుకొనుడు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ఛాయాచిత్రముల కథలో ఇది మరల వచ్చును.

హైదరాబాదు చట్టము స్వతంత్రముగా పుట్టినది కాదు, అది నకలు. అసలు ప్రతి ఆంగ్లేయులది. 1852లో మైన్‌పురి జిల్లాలో భూరా అను హిజ్రా హత్యకు గురియైనారు. చచ్చినవారి పక్షమున న్యాయము చూడవలసిన న్యాయాధికారులు ఆ విచారణలోనే హిజ్రాలనందరను పాలనకు లొంగనివారని నిందించినారు. దొంగ మీది కోపము ఇంటివాని మీద చూపినట్లున్నది. తరువాతి ఇరువది ఏండ్లలో ఆ నింద అధికారుల ఉత్తరముల ద్వారా పెరిగి 1871 నాటి నేరజాతుల చట్టమునకు దారితీసినది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టమనినచో మన ప్రాంతమువారికి స్టూవర్టుపురము జ్ఞప్తికి వచ్చును. ఎరుకలవారిని తెచ్చి అచ్చట కాపురముంచినది దాని తరువాతి రూపము క్రిందనే. కాని ఆ మొదటి చట్టమునకు రెండవ భాగమొకటి ఉండెడిదనియు, అది పూర్తిగా హిజ్రాలను గురించినదనియు తెలిసినవారు తక్కువ.

ఆ రెండవ భాగము వాయవ్య రాష్ట్రములలో, అనగా నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతమున, ముఖ్యముగా అమలు జరిగినది. హిజ్రా ఎవరు అను ప్రశ్నకు చట్టము ఇచ్చిన సమాధానము వైద్యపరీక్ష. పేరెక్కినవారు ఎవరికిని దానము చేయరాదు, మరణశాసనము వ్రాయరాదు, దత్తత తీసికొనరాదు, మైనరులకు సంరక్షకులుగా ఉండరాదు. పదునారేండ్ల లోపు మగపిల్లవాడు వారి ఇంట ఉండరాదు. గురువు ఆస్తి చేలాకు చేరు మార్గమును మూసివేసినచో ఆ ఇల్లు ఒక తరముతో ఆరిపోవును. జెస్సికా హించీ అను చరిత్రకారిణి ఆనాటి కాగితములను వెదకి 2019లో ప్రచురించిన గ్రంథములో, ఈ సమాజము క్రమముగా అంతరించిపోవలెననుటయే అధికారుల కోరిక అని నిరూపించినారు. అంతరించలేదు. జిల్లా సరిహద్దు దాటి వెళ్లినారు, సంస్థానములలోనికి పోయినారు, సందు దొరికినప్పుడు చీర కట్టి పాడినారు. పుస్తకములోని పేర్లు పుస్తకములో ఉన్నవి. మనుష్యులు మరియొకచోట ఉన్నారు.

సరిగ్గా ఆ దశాబ్దములలోనే కెమేరా మన దేశమున కాలు మోపి తిరుగుచున్నది. 1854లో బొంబాయిలోను, 1856లో మద్రాసు, కలకత్తా నగరములలోను ఫొటోగ్రఫీ సంఘములు ఏర్పడినవి. ఆనాటి చిత్రము నేటివలె రెప్పపాటులో అయ్యెడిది కాదు. గాజుపలకకు కొలోడియను పూసి, వెండి ద్రావణములో ముంచి, తడి ఆరకముందే కెమేరాలో పెట్టి తీసి, వెనువెంటనే చీకటి గుడారములో కడుగవలెను. కూర్చున్నవారు పలకపై చిత్రము పడునంతసేపు కదలక మెదలక ఉండవలెను. ఆ కాలపు చిత్రములలో అందరి ముఖములును కొయ్యబారినట్లుండుటకు ఇది యొక కారణము. ఎదుట ఉన్నది దొరవారి యంత్రము అనుట రెండవ కారణము కావచ్చును.

1868 నుండి 1875 వరకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన భారతదేశ ప్రజలు అను ఆంగ్ల గ్రంథమును చూచినచో ఆ చూపు ఎట్టిదో తెలియును. ఫోర్బ్స్ వాట్సన్, విలియం కే అను ఇద్దరు దానికి సంపాదకులు. చిత్రములు 468. కులముల వారీగా, తెగల వారీగా మనుష్యులను నిలబెట్టి తీసి, ప్రక్కన వారి గుణగణములు వ్రాసినారు: వీరు నమ్మదగినవారు, వీరు కారు, వీరు దొంగలు. చాల చిత్రములలో కూర్చున్న మనిషికి పేరు లేదు. కులమే పేరు. వన్నె పోయిన ఆ చిత్రములలోని నిపుణత్వమును నేను తక్కువ చేయుట లేదు. కొన్ని ఎంతో అందమైనవి. కాని సీతాకోకచిలుకను అట్టకు సూదితో గుచ్చినవాడు కూడ దాని అందమును చూచియే గుచ్చును.

1860 ప్రాంతమున తూర్పు బెంగాలులో తీసిన యొక చిత్రము నేటికిని మిగిలియున్నది. ఒక హిజ్రా, తోడివారు అని మాత్రమే దాని శీర్షిక. మన ఉపఖండమున ఈ సమాజమువారు కెమేరా ముందుకు వచ్చిన తొలి సందర్భములలో ఇది యొకటి. వారి పేర్లు ఏవి? ఏ ఊరివారు? ఆ చిత్రపు ప్రతి యొకటి వారి చేతికి అందినదా? ఆ శీర్షికలో ఈ ప్రశ్నలకు చోటు లేదు.

ఇచ్చట మన హైదరాబాదులోనే జరిగిన మరియొక సంగతిని ప్రక్కన పెట్టి చూడవలెను. ఆరవ నిజాము కాలమున రాజా దీనదయాళ్ గొప్ప ఫొటోగ్రాఫరు. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుటికి రారు గనుక 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతులలో పెట్టినారు. లోపల పనిచేయువారందరు స్త్రీలే. చిత్రము తీయించుకొను మనిషి మర్యాదకు అనుగుణముగా స్టూడియోయే మారవలెనని ఆ కాలమునకే ఒకరికి తోచినదన్నమాట. ఐతే ఆ మర్యాద సొమ్ము గలవారికి. అదే రాజ్యమున, అటుపిమ్మట ముప్పదేండ్లు గడువకముందే, హిజ్రాలకు లభించినది పోలీసు పుస్తకము.

నేరజాతుల చట్టము 1952లో రద్దయినది. దేశము స్వతంత్రమైనది, కెమేరాలు చిన్నవైనవి, ఫిలిము చౌకయైనది. హిజ్రాల చిత్రములు వందలు, వేలు అయినవి. చిత్రములు పెరిగినంతగా చూపు మారినదా అనినచో, చాలవరకు లేదనియే నా అభిప్రాయము. తమిళనాడులో విళుప్పురము వద్ద కూవాగమను గ్రామమున్నది. అచ్చటి కూత్తాండవర్ ఆలయమున చైత్ర పున్నమికి జరుగు ఉత్సవమునకు దేశపు నలుమూలల నుండి తిరునంగైలు, అనగా ఆ ప్రాంతపు హిజ్రాలు, వత్తురు. కూత్తాండవరనగా మన భారతములో ఇరావంతుడు, అర్జునుని కొడుకు. యుద్ధమునకు ముందు బలికి సిద్ధమైన ఆ కుమారుడు ఒక్కరాత్రియైన పెండ్లికొడుకు కావలెనని కోరగా శ్రీకృష్ణుడు మోహినియై అతనిని వరించినాడని తమిళుల కథ. ఆ మోహినికి ప్రతిగా వీరందరు తాళి కట్టించుకొందురు. మరునాడు ఇరావంతుడు పడిన పిమ్మట తాళి తెంపి, గాజులు పగులగొట్టి, తెల్లచీర కట్టి ఏడ్తురు.

ఆ ఏడ్పు కొరకు కెమేరాలు కాచుకొనియుండును. దేశదేశముల నుండి ఫొటోగ్రాఫరులు వత్తురు. గాజులు పగులుచున్న చేతులు, కాటుక కారిన కన్నులు, విప్పారిన జుట్టు: ప్రతి యేటను ఇవే చిత్రములు పత్రికలలో వచ్చును. ఆ దుఃఖము అబద్ధమని నేననుట లేదు. కాని సంవత్సరములో తక్కిన రోజులలో ఆ మనిషి బియ్యము కడిగెడి చిత్రము ఎక్కడ? గురువుకు జ్వరము వచ్చినప్పుడు కాళ్లు పట్టెడి చిత్రము ఎక్కడ? అద్దె కొరకు ఇంటి యజమానిని బతిమాలెడి చిత్రము? ఏడ్పును మాత్రమే చూపినవాడు ఏడ్చువారి జాతి యని యొకదానిని సృష్టించుచున్నాడు. వాట్సను దొరగారి సంపుటములు ఒక విధముగ ఇంకను వెలువడుచునే ఉన్నవి.

వేరుగా చూచినవారు లేకపోలేదు. జపానుకు చెందిన తకేషి ఇషికావా, మినమాతా పాదరస విషబాధితుల చిత్రములు తీసిన యూజీన్ స్మిత్‌కు యువకుడుగా సహాయకుడైనవాడు, ఏండ్ల తరబడి మన దేశమునకు వచ్చిపోవుచు హిజ్రాల ఇండ్లలో చిత్రములు తీసి 1995లో జపానులో పుస్తకముగా వెలువరించినాడు. మరల మరల వచ్చుట అతని పద్ధతి. కాని ఈ చరిత్రలో నిజమైన మలుపు ఢిల్లీలో, ఒక ఫిలిము చుట్ట దగ్గర జరిగినది.

దయానితా సింగ్ 1961లో ఢిల్లీలో జన్మించినారు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలోను, పిమ్మట న్యూయార్కులోను చదువుకొన్నారు. 1989లో లండనులోని టైమ్స్ పత్రిక కొరకు హిజ్రాల చిత్రములు తీయుటకై పాత ఢిల్లీకి పోయినారు. అక్కడ మోనా అహ్మద్ పరిచయమైనారు. మోనా ఆదరించి, చిత్రములు తీయనిచ్చినారు. పని ముగిసినది. ఈ చిత్రములు ఎక్కడ పడునని మోనా అడిగినారు. లండను పత్రికలో అని తెలియగానే ఆమె ముఖము మారినది. బంధువులు ఇంగ్లండులో ఉన్నారు; తాను హిజ్రా అని వారికి తెలియదు. ఆ ఫిలిము నాకు ఇచ్చివేయుమని మోనా కోరినారు. దయానిత ఇచ్చివేసినారు.

ఇంతే జరిగినది. కాని వృత్తి ధర్మము తెలిసినవారు ఇది ఎంత పెద్ద పనియో ఊహింపగలరు. అప్పటికి దయానితకు ఇరువది ఎనిమిదేండ్లు. చేతిలో విదేశపు పత్రిక పని. చుట్ట సంచిలో పడిన తరువాత అది ఫొటోగ్రాఫరు సొత్తు అని మన అలవాటు. మోనాకు నచ్చజెప్పవచ్చును, మాట దాటవేయవచ్చును, ముఖము కనబడనివి వేయుదుమనవచ్చును. మేము రేడియోలో పనిచేయువారము ముఖము లేకుండ కంఠము మాత్రమే తీసికొందుము. ఐనను పలికినవారు తరువాత వచ్చి, ఆ మాట తీసివేయుడని అడిగినప్పుడు మనస్సులో ఎంత గింజుకొందుమో నాకు తెలియును. మంచి మాట పోవునే అని బాధ. ఆ బాధకు లొంగక టేపును కత్తిరించువారు ఉన్నారు, లొంగువారును ఉన్నారు.

ఇంతకుమునుపు చెప్పిన ఇజ్జత్ అను మాట ఇచ్చట పనిచేసినది. పోలీసు పుస్తకములో ఒకమారు ఎక్కిన పేరును తీసివేయుట ఎక్కినవారి చేతిలో లేదు. తూర్పు బెంగాలు చిత్రము వెనుకకు రాలేదు. ఈ చుట్ట వెనుకకు వచ్చినది. ఆనాటి నుండి ఆ ఇద్దరి స్నేహము మోనా మరణించువరకు, ఇరువది ఎనిమిదేండ్లు, సాగినది. ఈసారి చిత్రములు తీయుటకు మోనా పిలిచినారు.

ఏమి తీసినారు? మోనా ఒక ఆడశిశువును తెచ్చుకొని పెంచినారు. దత్తత హక్కును చట్టము తుడిచివేసిన సమాజములో ఒకరు తల్లియైనారు. ఆ బిడ్డ పుట్టినరోజులు మోనా పెండ్లి వేడుకలవలె జరిపించినారు. దూరదూరముల నుండి హిజ్రాలు వచ్చినారు. దయానిత చిత్రములలో ఆ వేడుకలున్నవి, నాట్యములున్నవి, బిడ్డను ఎత్తుకొనిన మోనా ఉన్నారు. తరువాత బిడ్డ దూరమైనది. మోనా త్రాగుడుకు లోనైనారు, తన సమాజముతో ఎడబాటు కలిగినది. పాత ఢిల్లీలోని ఒక శ్మశానవాటికలో ఇల్లు కట్టుకొని, జంతువులను పెంచుచు ఒంటరిగా బ్రతికినారు. ఆ సమాధుల నడుమ కూర్చున్న మోనాను దయానిత తీసిన చిత్రములు చూచినచో వీరు హిజ్రాలు అను మాట నోటికి రాదు. ఈమె మోనా అను మాటయే వచ్చును.

2001లో ఆ చిత్రములు మైసెల్ఫ్ మోనా అహ్మద్ అను పేరుతో స్విట్జర్లాండులోని స్కాలో సంస్థ ద్వారా పుస్తకముగా వచ్చినవి. నేను మోనా అహ్మద్‌ను అని దాని అర్థము. చిత్రముల ప్రక్కన ఉన్న రచన ఫొటోగ్రాఫరుది కాదు, పండితులది కాదు. ప్రచురణకర్త వాల్టర్ కెల్లర్‌కు మోనా పంపిన ఈ-మెయిలు ఉత్తరములే ఆ గ్రంథపు వచనము. భారతదేశ ప్రజలు సంపుటములలో చిత్రము క్రింద దొర వ్రాసినాడు. ఇచ్చట చిత్రములోని మనిషియే వ్రాసినారు. ఆ రెండు పుస్తకముల నడుమ దూరము సుమారు నూట ముప్పది సంవత్సరములు.

ఒక మనిషి స్నేహము ఒక సమాజపు చరిత్ర కాగలదా అని కొందరు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. మోనా వేలమందిలో ఒకరు. పైగా తన వారికి దూరమైన ఒకరు. ఆమెను చూచి హిజ్రాలందరు శ్మశానములలో ఉందురనుకొనుట కూవాగము చూచి అందరు ఏడ్తురనుకొనుట వంటిదే. ఐతే వేలమందిని ఒక మూసలో పోసిన పుస్తకములు మనకు తక్కువ కావు. ఒకరిని ఒకరుగా చూచిన పుస్తకములే తక్కువ. 2013లో వెనిసు నగరపు ద్వైవార్షిక కళాప్రదర్శనలో మోనాను గురించిన చలనచిత్ర ఖండమును దయానిత ప్రదర్శించినారు. 2017 సెప్టెంబరులో మోనా మరణించినారు. 2022లో దయానితకు స్వీడనువారి హాసెల్‌బ్లాడ్ బహుమానము లభించినది.

ఈ నడుమ ప్రభుత్వపు లెక్కలును కొంత మారినవి. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషుడు కాక ఇతరులు అను గడిలో దేశమంతట 4,87,803 మంది, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదైనారు. ఈ అంకెలలో పిల్లలును కలిసియున్నారు. చెప్పుకొనక మిన్నకున్నవారు ఎందరో ఉందురు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మూడవ లింగమును గుర్తించి, తాము ఎవరమని చెప్పుకొను హక్కు ఆ వ్యక్తిదే అని తీర్పు చెప్పినది. 1871లో వైద్యుడు చెప్పవలసియుండెను.

కెమేరా కూడ చేతులు మారినది. 2017లో హైదరాబాదు నుండి ట్రాన్స్‌జెండరు వ్యక్తులే నడుపు ట్రాన్స్‌విజన్ అను యూట్యూబు ప్రసారము తెలుగు మొదలగు భాషలలో ఆరంభమైనది. తమను గురించి జనులు అడుగు ప్రశ్నలకు తామే సమాధానము చెప్పినారు. బొంబాయిలో జోయా థామస్ లోబో లోకలు రైళ్లలో భిక్షమెత్తి కూడబెట్టిన సొమ్ముతో ఒక పాత కెమేరా కొని పత్రికా ఫొటోగ్రాఫరు అయినారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌను రోజులలో, ఊళ్లకు పోవుటకు దారిలేని వలస కూలీలు బాంద్రా స్టేషను వద్ద గుమిగూడినప్పుడు ఆమె అక్కడ ఉండి వారి చిత్రములు తీసినారు. అవి పత్రికలలో ప్రచురింపబడినవి. ఆ చిత్రములలో ఉన్నవారు కూలీలు. తీసినవారి పేరు క్రింద అచ్చయినది.